టికెట్ లేనాయన

రాజధానిలో ఎనిమిది రోడ్లు కలిసే ఆ చౌరస్తాని చూడనివాళ్ళు తక్కువ. స్వయంగా చూడకపోయినా ఏ కేలండర్ మీదో, ఏ స్టాంపు మీదో చూసే ఉంటారు. మధ్యలో నూట ఎనభై అడుగుల రాతి స్తంభం. దాని నెత్తిన, దీపం ఎత్తి పట్టుకున్న కంచు మనిషి. పగలంతా అక్కడ తిరునాళ్ళలా జనం.

చీకటి పడ్డాక మాత్రం... స్తంభం అడుగున ఇనప రేకు కొట్టిన చిన్న తలుపు ఉంటుంది చూడండి, దాని వైపు ఎవరూ వెళ్ళరు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఆ తలుపుకి వీపు పెట్టి నిలబడరు.

ఎందుకంటే — లోపల ఒకాయన ఇంకా దిగుతూనే ఉన్నాడంటారు.

స్తంభం లోపల బోలు. చుట్టలు చుట్టుకుంటూ పైదాకా రాతిమెట్లు, రెండువందల తొంభై ఏడు. మెట్లు ఎంత ఇరుకంటే, ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు ఎదురైతే ఇద్దరూ గోడకి అతుక్కుని పక్కకి తిరగాల్సిందే. పంతొమ్మిదేళ్ళ కిందట, మూడు రోజుల గాలివాన వెలిసిన మర్నాడు ఆ తలుపు తీస్తే, లోపల ఒకాయన చచ్చిపోయి ఉన్నాడు. ఏదో ఊళ్ళో గడియారాలు బాగుచేసే మనిషట. మడమ వాచి ఉంది. టికెట్ లేకుండా దొంగచాటుగా దూరాడని విచారణలో తేల్చి కాయితాలు మూసేశారు. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు. ఊరు పెట్టిన పేరు మిగిలింది — టికెట్ లేనాయన.

రాత్రి డ్యూటీ కానిస్టేబులు ఒకడు ఆ తలుపుకి చెవి ఆనించి విన్నాడట. టక్... సర్ర్. టక్... సర్ర్. ఒక కాలు వేసి, రెండో కాలు ఈడ్చుకుంటూ దిగుతున్నట్టు. మర్నాడే వేరే స్టేషన్‌కి బదిలీ పెట్టుకున్నాడు.

ఇప్పుడు చెప్పేది ఆ తలుపు దగ్గర పనిచేసే అమ్మాయికి జరిగింది. ఆమె చెబితే చౌరస్తాలో ఫొటోలు తీసే ఆయన విన్నాడు, ఆయన చెబితే మనం విన్నాం.

ఆమెని అక్కడ అందరూ బిళ్ళలమ్మాయి అంటారు. తలుపు బయట చిన్న వసారా, అందులో ఆమె టేబులు, గోడకి అరవై మేకుల చెక్క. ఒక్కో మేకుకి ఒక్కో ఇత్తడి బిళ్ళ, మీద నంబరు. వచ్చినవాళ్ళ టికెట్ చింపి చేతిలో బిళ్ళ పెడుతుంది. పుస్తకంలో 'ఎక్కినవాళ్ళు' కింద ఒక గీత. దిగి బిళ్ళ పళ్ళెంలో వేసినప్పుడు 'దిగినవాళ్ళు' కింద ఒక గీత. "మెల్లగా దిగండి, బిళ్ళ ఇచ్చి వెళ్ళండి" — రోజుకి నాలుగు వందలసార్లు అనే మాట. నిద్రలో కూడా అంటోందని ఇంట్లో నవ్వేవాళ్ళు.

ఎనిమిదింటికి అరవై మేకులూ నిండాయంటే లోపల ఎవరూ లేనట్టు. అప్పుడు తలుపు వేసి, బయట గడియ పెట్టి, తాళం.

చేరి ఆరు నెలలు కావస్తోంది. మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకి సూపరింటెండెంటు వచ్చి పుస్తకాలు చూస్తాడు. ఆరు నెలల్లో ఒక్కరోజు లెక్క తప్పినా ఇంటికి పంపిస్తారు. తప్పకపోతే పర్మినెంటు. ఆమెకి ముందు చేరినవాళ్ళు ముగ్గురు ఇంటికెళ్ళారు.

ఆ కుర్చీ ఒకప్పుడు వాళ్ళ నాన్నదే. ఇరవై నాలుగేళ్ళు కూర్చున్నాడు. రిటైరై ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో ఆయన చౌరస్తా మొహం చూడలేదు, బస్సు అటు తిరుగుతుందంటే ముందు స్టాపులోనే దిగి నడిచేవాడు. కానీ కూతురు పనిలో చేరింది మొదలు, రోజూ సాయంత్రం ఆమె గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే ఒకటే ప్రశ్న.

"అందరూ దిగారా?"

"నన్ను చెప్పులైనా దిగనివ్వు నాన్నా" అని ఆమె నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. "దిగారు" అని ఆమె నోటితో అనేదాకా గుమ్మంలోంచి కదిలేవాడు కాదు.

ఆరోజు చలికాలపు సాయంత్రం. గాలి జోరుగా ఉంది. స్కూలు పిల్లల బస్సులు రెండు వచ్చిపోయాయి, బిళ్ళలు ఇచ్చి పుచ్చుకోలేక ఆమె చేతులు పడిపోయాయి. ఏడున్నరకే ఫొటో ఆయన స్టాండు మడిచేశాడు. రేపట్నుంచి పర్మినెంటు కదా, అప్పుడైనా స్తంభాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఒక ఫొటో దిగమన్నాడు. రోజంతా దాన్ని వీపున మోస్తున్నాను చాలదా అన్నయ్యా, అంది ఆమె.

"తొందరగా వెళ్ళు చెల్లెమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఎనిమిది దాటితే టికెట్ లేనాయన నా కెమెరాలో పడతాడేమోనని నా భయం. ప్రింటు ఏ అడ్రసుకి పంపను?"

నవ్వాడు గానీ, నడక మాత్రం పరుగులాగే ఉంది.

ఎనిమిదికి అయిదు నిమిషాలు. ఆమె బిళ్ళలు సర్దింది. పుస్తకం చూసింది. ఎక్కినవాళ్ళు నాలుగు వందల పన్నెండు. దిగినవాళ్ళు నాలుగు వందల పదకొండు.

చెక్క మీద ఒక మేకు ఖాళీ. నలభై ఒకటి.

టేబులు కింద చూసింది. పళ్ళెం ఎత్తి చూసింది. వసారా అంతా వంగి వెతికింది. లేదు.

నూటికి తొంభై తొమ్మిదిసార్లు పిల్లలే జేబులో వేసుకుని పోతారు. మర్నాడు వాళ్ళమ్మలు తెచ్చిచ్చి సారీ చెబుతారు. అందుకే సొరుగులో అరవై బిళ్ళలకీ జతలున్నాయి. జత తీయాలంటే కాయితం రాసి సూపరింటెండెంటు చేత సంతకం పెట్టించాలి. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఆ కాయితం రాసిన పాపాన పోలేదు. జత తగిలించడం, పుస్తకంలో లెక్క సరిపెట్టడం, అసలుది వచ్చాక జతని గుట్టుగా సొరుగులో వేసెయ్యడం.

ఆమె సొరుగు లాగింది. నలభై ఒకటి జత చేతిలోకి తీసుకుంది. మేకు దాకా తీసుకెళ్ళింది కూడా.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇంటికెళ్ళగానే నాన్న అడుగుతాడు. ఏం చెప్పాలి? నూటికి తొంభై తొమ్మిదిసార్లు పిల్లలే. మరి ఆ మిగిలిన ఒక్కసారి?

జత మళ్ళీ సొరుగులో పడేసింది. టార్చి తీసుకుంది. తలుపులో తల పెట్టి కేకేసింది —

"ఎవరైనా ఉన్నారా? టైమైపోయింది, దిగండి."

కేక చుట్టలు తిరుగుతూ పైకి పోయింది. జవాబు రాలేదు. గాలి హోరు మాత్రం ఉంది. మెట్ల దారిలో ప్రతి ముప్ఫై మెట్లకి ఒక సన్నటి కిటికీ, మొత్తం తొమ్మిది. గాలి రోజున ఆ తొమ్మిదీ పిల్లంగోవి రంధ్రాల్లా కూస్తుంటాయి.

ఎక్కడం మొదలుపెట్టింది. ధైర్యం కోసం మెట్లు లెక్కపెట్టుకుంటూ.

నూట ఎనభయ్యో మెట్టు మీద ఉండగా టక్కుమని లైట్లు పోయాయి. గోడ పట్టుకుని ఆగింది. తర్వాత గుర్తొచ్చింది, ఎనిమిదింటికి వాటంతటవే ఆరిపోయే ఏర్పాటది. టార్చి వేసింది. మెలిక తిరిగే దారిలో టార్చి వెలుగు అయిదు మెట్లకి మించి పోదు. ఆ పైన గోడే.

రెండు వందల తొంభై ఏడు. పైన చుట్టూ కటకటాల వసారా. నాలుగు వైపులా తిరిగి చూసింది. ఎవరూ లేరు. అడుగున ఎనిమిది రోడ్ల మీద బండ్ల దీపాలు. ప్రాణం లేచొచ్చింది. ఏ పిల్లో జేబులో వేసుకుపోయింది, అంతే. రేపు నిజమే చెప్పి కాయితం రాద్దాం, ఉంచితే ఉంచుతారు, పంపితే పంపుతారు అనుకుంది.

దిగడం మొదలుపెట్టింది.

పైనుంచి మొదటి కిటికీ. ఆమె దాన్ని దాటుతుంటే ఒళ్ళు గాలికి అడ్డుపడి కూత ఆగింది. దాటాక మళ్ళీ మొదలైంది. మామూలే. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదో మెట్టు దిగింది.

వెనక, ఆ కిటికీ కూత మళ్ళీ ఆగింది.

ఒక్క క్షణం. తర్వాత కూసింది.

ఆమె ఉన్నచోటే ఆగింది. పైన ఎవరూ లేరు. తన కళ్ళతో చూసింది. పైన ఎవరూ లేనప్పుడు... కిటికీకి అడ్డొచ్చింది ఏమిటి?

చెవులు రిక్కించింది. గాలి. గాలి. ఆ గాలి మధ్యలో —

టక్... సర్ర్.

వెనక్కి చూడలేదు. చుట్టుమెట్ల మీద దిగేటప్పుడు వెనక్కి చూస్తే కళ్ళు తిరిగి పడిపోతామని, ముందు మెట్టు మీదే దృష్టి పెట్టి లెక్కపెట్టుకోమని చిన్నప్పుడు నాన్న నేర్పాడు. లెక్కపెట్టింది. పైకి వినపడకుండా, పెదవులతోనే.

రెండో కిటికీ దాటింది. కూత ఆగి, మొదలైంది. ఒకటి, రెండు... ఎనిమిదో మెట్టు. వెనక కూత ఆగింది.

ఎనిమిది. ఇందాక తొమ్మిది.

మూడో కిటికీ. ఏడు.

లెక్కలు ఆమెకి నీళ్ళు తాగినంత తేలిక. ఇప్పుడు అదే ప్రాణం మీదికొచ్చింది. వద్దన్నా మనసు లెక్క కట్టేసింది — తొమ్మిది కిటికీలు, కిటికీకి ఒక్కో మెట్టు దగ్గర. ఆఖరి కిటికీ దగ్గర ఒక్క మెట్టు దూరం. కిందికెళ్ళేసరికి... సున్నా.

పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే అది కూడా... ఆ ఆలోచన పూర్తి చేయలేదు. ఇరుకు దారి, అరిగిన రాయి, జారితే అంతే సంగతులు. మెట్టు తర్వాత మెట్టు. ఆరో కిటికీ, నాలుగు. ఏడో కిటికీ, మూడు. ఇప్పుడు చప్పుడు వినడానికి చెవులు రిక్కించనక్కర్లేదు. టక్... సర్ర్. కాలు ఈడ్చినప్పుడల్లా ఒక నిట్టూర్పు. నొప్పిని పళ్ళ బిగువున భరిస్తున్న మనిషి నిట్టూర్పు.

ఎనిమిదో కిటికీ, రెండు. తొమ్మిదో కిటికీ. ఆమె ఒక్క మెట్టు దిగింది. కూత ఆగింది.

ఈసారి మళ్ళీ మొదలు కాలేదు.

మెడ వెనక చల్లగా... చెవి పక్కన, గాలి కంటే నెమ్మదిగా —

"తలుపు వెయ్యకమ్మా."

ఇంకా ఇరవై తొమ్మిది మెట్లు. ఎలా దిగిందో ఆమెకే తెలీదు. ఒక్కసారిగా వసారా, టేబులు, వీధి దీపాల వెలుతురు. కుడిచేతి పక్కనే ఇనప తలుపు. ఒక్క తోపు తోసి గడియ పెడితే చాలు. చెయ్యి తలుపు మీద పడింది కూడా.

తొయ్యలేదు.

తలుపుని గోడకి ఆనించి పట్టుకుంది. కళ్ళు నేల మీద. ఏమనాలో తోచలేదు. నోటికి అలవాటైన మాటే వచ్చింది, గుసగుసగా —

"మెల్లగా దిగండి... బిళ్ళ ఇచ్చి వెళ్ళండి."

టక్... సర్ర్.

ఆఖరి మెట్టు. ఆమె పక్కనుంచి చలి ఒకటి నెమ్మదిగా దాటిపోయింది. టేబులు మీద పళ్ళెం ఠంగుమంది. వసారా బయట అడ్డంగా కట్టిన గొలుసు ఊగింది, ఆగింది. అంతే. చౌరస్తా మామూలుగా ఉంది. ఒక బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

టార్చి వెలుగులో పళ్ళెంలో ఒక బిళ్ళ. నలభై ఒకటి.

చేతిలోకి తీసుకుంది. నున్నగా, చల్లగా, తడిగా ఉంది. తన చేతి చెమటే అనుకుంది. మేకుకి తగిలించింది, తాళం వేసింది, దిగినవాళ్ళ కింద ఒక గీత గీసి నాలుగు వందల పన్నెండు రాసి... బస్సు దాకా పరుగే.

గుమ్మంలో నాన్న.

"అందరూ దిగారా?"

"దిగారు." ఊపిరి అందక ఆగింది. "ఆఖరున ఒకాయన ఆలస్యం చేశాడు నాన్నా. కాలు ఈడ్చుకుంటూ... దిగాడు."

నాన్న చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. అది అలాగే ఉండిపోయింది. ఏ నంబరని అడిగాడు. చెప్పింది. గ్లాసు కింద పెట్టాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రాత్రంతా ఆ గదిలోంచి మంచం కిర్రుమంటూనే ఉంది.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆమె అప్పుడే తాళం తీస్తుంటే, ఒకావిడ చిన్నపిల్లని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిన్న బస్సెక్కే హడావుడిలో ఇవ్వడం మర్చిపోయిందట, రాత్రి గౌను ఉతకబోతే జేబులో దొరికిందట, ఏమీ అనుకోవద్దట.

ఆవిడ టేబులు మీద బిళ్ళ పెట్టింది. నలభై ఒకటి.

వాళ్ళు వెళ్ళేదాకా బిళ్ళలమ్మాయి నవ్వు మొహంతో కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెక్క వైపు తల తిప్పింది.

నలభై ఒకటో మేకుకి బిళ్ళ ఉంది.

సొరుగు లాగింది. జత ఎక్కడ పడేసిందో అక్కడే ఉంది.

మేకు కింద గోడ మీద సన్నటి తడి చార. గచ్చు మీద చిటికెడు ఇసుక. ఆమె బిళ్ళ తీసి, పాప తెచ్చినదాని పక్కన పెట్టింది. పాప తెచ్చినదాని అంచున చిన్న గాటు ఉంది. ఆ గాటు అన్నిటికీ ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ కిందటి ఆ చావు తర్వాత పాత బిళ్ళలన్నీ కరిగించి, గాటు పెట్టి కొత్తవి పోయించారు. మేకు మీదిదానికి గాటు లేదు.

"అది ఇలా ఇవ్వు తల్లీ."

ఉలిక్కిపడింది. వసారాలో నాన్న. ఏడేళ్ళ తర్వాత మొదటిసారి. వెనక ఫొటో ఆయన, ఎక్కడ పడిపోతాడోనని చెయ్యి ఆసరా ఇచ్చి నిలబడ్డాడు.

నాన్న ఆ బిళ్ళని అరచేతిలో పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. తర్వాత చెప్పాడు, కూతురికి కాదు, ఆ తలుపుకి చెబుతున్నట్టు. ఆరోజు గాలివాన మొదలైంది. ఒక మేకు ఖాళీ. మర్నాడు సూపరింటెండెంటు వచ్చే రోజు. కిందనుంచి ఒక్క కేక వేశాడు, ఆ హోరులో తన కేక తనకే వినపడలేదు. పిల్లలెవరో పట్టుకుపోయారులే అని నలభై ఒకటి జత తగిలించాడు. గడియ పెట్టాడు. వాన మూడు రోజులు. నాలుగో పొద్దున తలుపు తీస్తే... ఆ గడియారాల మనిషి తలుపుకి ఆనుకునే ఉన్నాడు. కాలు మడతపడి, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగినట్టున్నాడు. దిగేసరికి తలుపు వేసి ఉంది. పిడికిలి బిగించి ఉంది.

"వేళ్ళు విప్పి నేనే తీసుకున్నాను" అన్నాడు నాన్న. "పోలీసులు రాకముందే. వాళ్ళావిడ వచ్చి, మా ఆయన టికెట్ లేకుండా సిటీ బస్సు కూడా ఎక్కడండీ అని ఏడుస్తుంటే... నేను ఈ కుర్చీలోనే కూర్చుని విన్నాను."

ఆమె, మరి ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావని అడిగింది.

నాన్న తలెత్తాడు. ఆయన అరచేతిలో బిళ్ళ ఇంకా తడిగానే ఉంది. మణికట్టు మీదుగా నీళ్ళు చుక్కలు చుక్కలుగా జారుతున్నాయి.

"దాచలేదు తల్లీ. ఆ రాత్రే వంతెన మీంచి ఏట్లోకి విసిరేశాను. నా చేత్తో."

ఫొటో ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

బయట జీపు ఆగిన చప్పుడు. తలుపు వేసిన చప్పుడు. సూపరింటెండెంటు బూట్లు గచ్చు మీద టకటకమంటూ వస్తున్నాయి. పుస్తకం టేబులు మీద ఉంది. నిన్నటి పేజీలో లెక్క సరిగ్గా ఉంది, వేలెత్తి చూపించడానికి లేదు.

"ఆరోజు రెండు వందల ఎనభై ఆరు ఎక్కారు" అన్నాడు నాన్న, గుసగుసగా. "దిగింది రెండు వందల ఎనభై అయిదు. నేను ఎనభై ఆరు రాశాను."

ఆమె కలం మూత తీసింది. నిన్న రాసిన అంకె మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన స్పష్టంగా రాసి, కింద తన సంతకం పెట్టింది. సిరా ఆరకముందే సూపరింటెండెంటు వసారాలోకి వచ్చి పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు.

ఎక్కినవాళ్ళు: 412.

దిగినవాళ్ళు: 413.